మిద్దె మీది చుక్కలు, ఫోటోలోని చుక్కలు

ఈ పేజీలో ఇంతవరకు మన ఇంటి సంగతులు, ఊరి సంగతులు, ఎవరు ఏ దోవన వచ్చి ఎక్కడ స్థిరపడినారు అనేవి రాసుకుంటా వచ్చినాము. ఈసారి ఆకాశం గురించి రాస్తున్నాను. ఇంటి చరిత్రలో ఆకాశం ఎందుకు అని మీకు అనిపించవచ్చు. మిట్టేమరిలో మన జేజినాయనల కాలంలో ఎండాకాలం వచ్చిందంటే ఇంటిల్లిపాదీ మిద్దె మీదే పండుకొనేవాళ్లు. కరెంటు లేని రాత్రి, పైన ఏ అడ్డమూ లేదు. పంట కళ్లం కాడ కాపలా పండుకున్నా, బండి కట్టుకొని తెల్లారకముందే సంతకు పోయినా వాళ్లకు గడియారం చుక్కలే. కాబట్టి మన వాళ్లు చూసిన ఆకాశం కూడా మన ఇంటి ఆస్తిలో ఒక భాగమే అని నా లెక్క.

ఇప్పుడు పండగకు బెంగళూరు నుంచి, ఇంకా దూర దేశాల నుంచి వచ్చే మన పిల్లలు అదే మిద్దె ఎక్కుతారు. వాళ్లు ఫోన్లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు బొమ్మలు చూసి పెరిగినవాళ్లు. ఎర్రగా, నీలంగా, పొగ మాదిరి సుడులు తిరిగే మేఘాలు చూసినవాళ్లు. పైకి చూస్తే తెల్లటి చుక్కలే. రెండు ప్రశ్నలు వస్తాయి. ఒకటి, "ఇంతేనా?" రెండోది, "అయితే ఆ ఫోటోలు అబద్ధమా?"

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తాను. మా పనిలో ప్రతిదానికీ రెండు గడులు రాస్తాము, ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్ అని ఒకటి, యాక్చువల్ రిజల్ట్ అని ఒకటి. రెండూ కలవకపోతే వెంటనే తప్పు అని రాసేయకూడదు. రెండింటినీ ఒకే తీరుగా కొలిచినారా లేదా అని ముందు చూడాలి. ఆకాశం విషయంలో కన్నూ ఫోటో ఒకే తీరుగా కొలవవు. కన్ను వచ్చిన వెలుతురును అప్పటికప్పుడు ఖర్చు పెట్టేస్తుంది, ఫోటో దాన్ని కూడబెడుతుంది. ఈ తేడా ప్రపంచానికి తెలిసిన చరిత్రలో కొన్ని ముఖ్యమైన ఘట్టాలు మన తెలుగు నేల మీదే జరిగినాయి. గుంటూరు, వనపర్తి, హైదరాబాదు. ఇంకొకటి మన చిక్కబళ్లాపుర జిల్లాలోనే, గౌరిబిదనూరులో జరిగింది.

మన వాళ్ల కన్ను

ముందు మన వాళ్ల చుక్కలు. నేను చదివింది కన్నడ మీడియం. బళ్లో కృత్తికా అని చదివినాను, ఇంట్లో జేజి దాన్నే పిల్లలకోడి అనేది. బళ్లో సప్తర్షి మండల, ఇంట్లో ముసలమ్మ మంచం. నాలుగు చుక్కలు మంచం కోళ్లు, వెనకాల వచ్చే మూడు చుక్కలు మంచం ఎత్తుకపోయే దొంగలు. బళ్లో క్షీరపథ, ఇంట్లో పాలపుంత. వరసగా నిలబడిన మూడు చుక్కలు గొల్లకావిడి. తెల్లారకముందు తూర్పున లేచేది వేగుచుక్క. పుస్తకం చూడకుండా పెట్టుకున్న పేర్లు ఇవి. ఆకాశాన్ని ఊరికే అప్పుడప్పుడు చూసేవాళ్లు ఇన్ని పేర్లు పెట్టరు.

పిల్లలకోడిలో ఎన్ని పిల్లలు కనిపిస్తాయి అనేది పాతకాలం కంటి పరీక్ష. మామూలు కంటికి ఆరు కనిపిస్తాయి, బాగా చీకటి ఉండి చూపు బాగుంటే ఏడు, అంతకన్నా ఎక్కువ కూడా లెక్కపెట్టేవాళ్లు ఉన్నారు. అదే పిల్లలకోడిని ఫోటో తీస్తే వందల చుక్కలు, వాటి చుట్టూ నీలం రంగు దూది మాదిరి మెరుపు. ఆ నీలం నిజంగానే ఉంది. ఆ చుక్కల వెలుతురు దగ్గరి దుమ్ము మీద పడి చెదిరితే వచ్చే రంగు అది. మన కంటికి అది చేరదు.

ఎందుకు చేరదు? కంటిపాప చీకట్లో బాగా తెరుచుకుంటే సుమారు 7 మిల్లీమీటర్లు. వెలుతురు లోపలికి వచ్చే కిటికీ అంతే. తమిళనాడులో కావలూరు దగ్గర ఉండే వేణు బప్పు టెలిస్కోపు అద్దం 2.34 మీటర్లు. లెక్క వేస్తే మన కంటిపాప కన్నా లక్ష రెట్లకు పైగా వెలుతురు పడుతుంది. రెండో కారణం, కన్ను వెలుతురును దాచిపెట్టుకోదు. సుమారు సెకనులో పదో వంతు సేపు చేరింది చూపించి మళ్లీ ఖాళీ అయిపోతుంది. కెమెరా పది నిమిషాలు తెరిచిపెడితే అంతకు 6,000 రెట్ల సేపు వెలుతురు పోగవుతా ఉంటుంది. మూడోది రంగు. కంట్లో చీకటికి పని చేసే కణాలు వేరే, రంగు చూసే కణాలు వేరే. మసక వెలుతురులో మొదటివే పని చేస్తాయి, వాటికి రంగు తెలియదు. రాత్రి వాకిట్లో ఎర్ర చీర, పచ్చ చీర ఒకటే మాదిరి కనిపించేది అందుకే.

ఇది కంటి లోపం అనుకోవద్దు. పరిగెత్తే ఎద్దును, పాకే పామును చూడాలంటే చూపు అప్పటికప్పుడు ఖాళీ అయి మళ్లీ నిండాల్సిందే. పది నిమిషాలు వెలుతురు పోగేసే కన్ను ఉంటే లోకమంతా చెదిరిపోయిన బొమ్మ మాదిరి కనిపించి ఉండేది.

1868 గుంటూరు

1868 ఆగస్టు 18 ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణం. దాని నీడ దక్కను మీదుగా వచ్చి వనపర్తి, గుంటూరు దాటి మచిలీపట్నం దగ్గర సముద్రంలోకి పోయింది. గుంటూరులో పూర్తి చీకటి ఆరు నిమిషాలకు కొంచెం తక్కువ. గ్రహణాల్లో ఇది శానా ఎక్కువ సేపు కింద లెక్క. దానికోసం ఐరోపా నుంచి మనుషులు గుంటూరుకు వచ్చినారు.

వాళ్లకు ఒక పాత తగువు ఉండేది. సంపూర్ణ గ్రహణంలో చంద్రుడి నల్లటి అంచు చుట్టూ ఎర్రటి మంటలు కనిపిస్తాయి. అవి సూర్యుడివా, చంద్రుడివా, లేకపోతే చూసేవాళ్ల కంటి భ్రమా అని వాదించుకునేవాళ్లు. చూసిన ప్రతి ఒక్కరూ చేత్తో ఒక్కో తీరు బొమ్మ గీసేవాళ్లు, ఒకరి బొమ్మ ఇంకొకరి దానితో కలిసేది కాదు. 1860లో స్పెయిన్‌లో గ్రహణం వచ్చినప్పుడు రెండు చోట్ల తీసిన ఫోటోలు పోల్చి చూసినారు. మంటలు రెండింట్లోనూ ఒకే ఆకారంలో ఉన్నాయి. అవి సూర్యుడివే అని తేలింది. ఆకాశం విషయంలో ఫోటో సాక్షిగా నిలబడి గెలిచిన పెద్ద కేసుల్లో ఇదొకటి. అయితే ఆ మంటలు దేనితో చేసినవి అనేది ఇంకా తెలియలేదు. గుంటూరు గ్రహణం దానికి జవాబు చెప్పాల.

గుంటూరులో మేజర్ జేమ్స్ టెన్నెంట్ బృందం ఫోటోలు తీసే పని పెట్టుకున్నారు. ఆ కాలం ఫోటో అంటే ఇప్పటి మాదిరి బటన్ నొక్కేది కాదు. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు పూయాలి, చీకటి గదిలో వెండి మందు కలిపిన నీళ్లలో ముంచాలి, తడి ఆరకముందే టెలిస్కోపుకు తగిలించి ఫోటో తీయాలి, ఆ తడి మీదే కడిగేయాలి. మన ఆగస్టు ఎండలో ఆ తడి ఎంతసేపు నిలుస్తుందో మీరే ఊహించుకోండి. ఆరు నిమిషాల లోపల ఇదంతా జరగాలి, పైగా ఆ పొద్దు పలచటి మబ్బు. అయినా పలకల మీద మంటలు దిగినాయి. అందులో ఒకటి కొమ్ము మాదిరి పైకి లేచిన పెద్ద మంట. దానికి పెద్ద కొమ్ము అనే పేరే నిలిచిపోయింది.

అదే ఊళ్లో అదే పొద్దు ఫ్రాన్సు నుంచి వచ్చిన జూల్ జాన్సెన్ ఇంకొక పని చేస్తున్నాడు. ఆయన పట్టింది స్పెక్ట్రోస్కోపు, అంటే వెలుతురును రంగులుగా విడగొట్టే పరికరం. దాంట్లో కన్ను పెట్టి మంటల వెలుతురు చూసినాడు. మెరిసే గీతలు కనిపించినాయి. అంటే అది మండే వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్. ఆ గీతలు ఎంత తేజుగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చు కదా అని ఆయనకు తోచింది. మరుసటి రోజు ఆగస్టు 19న గుంటూరులోనే మామూలు ఎండలో చూసి చూపించినాడు.

ఆ గ్రహణంలో చూసినవాళ్లకు ఒక పసుపుపచ్చ గీత కూడా కనిపించింది. మొదట దాన్ని సోడియం గీత అనుకున్నారు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ ఆ తరువాతి నెలల్లో కొలిచి చూస్తే సోడియం గీతతో అది కలవలేదు. భూమి మీద తెలిసిన ఏ పదార్థంతోనూ కలవలేదు. దానికి సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అని పేరు పెట్టినారు. 1895లో విలియం రామ్సే దాన్ని భూమి మీద పట్టుకునేదాకా అది సూర్యుడిలో మాత్రమే ఉన్న పదార్థం. ఇప్పుడు మన పిల్లల బర్త్‌డే బెలూన్లలో ఉండేది అదే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడండి. టెన్నెంట్ వాడిన తడి పలకకు నీలం, ఊదా వెలుతురే తెలుసు. ఎరుపూ పసుపూ దానికి దాదాపు చీకటితో సమానం. మంటలు కంటికి ఎర్రగా కనిపించినాయి, పలక మీద మాత్రం వాటిలోని నీలం, ఊదా వెలుతురు దిగింది. అంటే హీలియం గీత పలకకు కనపడే జాతిది కానే కాదు. దాన్ని పట్టింది కన్ను. పెద్ద కొమ్ము ఆకారాన్ని మాత్రం తగువు లేకుండా నిలిపి పెట్టింది పలక. గుంటూరులో ఒకే పొద్దున రెండూ తమ తమ పని చేసినాయి. రెండింట్లో ఏది లేకపోయినా ఆ రోజు లెక్క సగమే అయ్యేది.

కన్ను గెలిచినప్పుడు, పలక ఓడినప్పుడు

అదే గ్రహణాన్ని వనపర్తి నుంచి మద్రాసు వేధశాల తరఫున చూసినది చింతామణి రఘునాథాచారి. పేరులో చింతామణి ఉన్నా ఆయన మన చింతామణి తాలూకు అని కాదు, మద్రాసు వేధశాలలో ఏండ్ల తరబడి పని చేసిన మనిషి. అంతకు ముందు 1867లో దక్షిణ ఆకాశంలో ఒక చుక్క వెలుతురు పెరిగి తగ్గుతా ఉండేది ఆయన కనిపెట్టినాడు. దాన్ని ఇప్పుడు ఆర్ రెటిక్యులై అంటారు. ఫోటో సాయం లేకుండా, టెలిస్కోపులో కన్ను పెట్టి, ఈ రాత్రికీ ఆ రాత్రికీ తేడా పట్టుకోవడం ఆ పని.

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యుడి ముందర దాటిపోయినప్పుడు, అది ఏమిటో మామూలు జనానికి తెలియాలని రఘునాథాచారి సంభాషణ రూపంలో చిన్న పుస్తకం రాసినాడు. అది కన్నడంలో కూడా వచ్చింది. మన మాదిరి కన్నడ బళ్లో చదివినవాళ్లకు ఇది సంతోషం కలిగించే సంగతి. పంచాంగం లెక్క ఆకాశంలో కనిపించేదానితో కలవాలి అని పట్టుబట్టినవాడు ఆయన. అంటే మా టెస్టింగ్ పనే ఆయన ఆకాశంతో చేసినాడు.

శుక్రుడు దాటిన ఆ దినానికే గుంటూరు జాన్సెన్ కొత్త కెమెరా ఒకటి తయారు చేయించినాడు. రివాల్వర్ మాదిరి తిరిగే పలక మీద 72 సెకండ్లలో 48 ఫోటోలు తీస్తుంది. దాన్ని జపాన్‌లో వాడినారు. సినిమా కెమెరాకు తాతల్లో ఒకటి అని దాన్ని చెప్తారు. అయితే ఆ సంవత్సరం శుక్రుడి ఫోటోలను కొలిచి సూర్యుడి దూరం కచ్చితంగా తేల్చాలని చూసిన దేశాలకు నిరాశే మిగిలింది. పలకల మీద సూర్యుడి అంచు స్పష్టంగా లేదు, కొలతలు ఒకదానితో ఒకటి కలవలేదు. 1882లో శుక్రుడు మళ్లీ దాటినప్పుడు శానా దేశాలు ఫోటోను పక్కన పెట్టి కంటికే పని చెప్పినాయి. ఫోటో అన్నిసార్లూ గెలవలేదు అనేదానికి ఇది సాక్ష్యం.

హైదరాబాదు గాజు పలకలు

1887లో పారిస్‌లో ఒక పెద్ద సభ జరిగింది. ఆకాశమంతా ఫోటో తీసి చుక్కల పట్టిక వేయాలి, ఒక్కో వేధశాల ఒక్కో పట్టీ పంచుకోవాలి అని తీర్మానం. మన వైపు భూమి సర్వే చేసి గ్రామాల నక్షలు గీసినట్లే ఆకాశానికి సర్వే అన్నమాట.

హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో సొంత వేధశాల పెట్టినాడు. 1907లో ఆయన పోయినాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. అదే నిజామియా వేధశాల. తరువాత బేగంపేటలో నడిచింది. ఆ సర్వేలో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉండే పట్టీ హైదరాబాదు భాగానికి వచ్చింది. మొదట ఆ పట్టీ చిలీ దేశం సాంటియాగోకు ఇచ్చినది, వాళ్ల చేత కాలేదు. దాని తరువాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా హైదరాబాదే చేసింది. చాట్‌వుడ్, పోకాక్, తరువాత టి. పి. భాస్కరన్ ఆ పని నడిపించినారు. ఏండ్లు కాదు, దశాబ్దాలు పట్టింది. ఆఖరికి అచ్చయిన సంపుటాల్లో సుమారు ఏడున్నర లక్షల చుక్కల స్థానాలు ఉన్నాయి.

దీన్ని మన మిద్దెతో పోల్చుకోండి. ఆకాశం మొత్తం మీద మంచి కంటికి కనిపించే చుక్కలు సుమారు 9,000. ఒక రాత్రి ఒక మిద్దె మీద నుంచి, అంతా చీకటిగా ఉంటే, రెండు మూడు వేలు. హైదరాబాదు పలకల మీద ఆకాశంలోని రెండు పట్టీల్లోనే ఏడున్నర లక్షలు.

అయితే ఆ పలకలు మీ ముందర పెడితే మన పిల్లలకు ఏమాత్రం నచ్చవు. అవి నెగటివ్‌లు. ఆకాశం తెల్లగా ఉంటుంది, చుక్కలు నల్లగా, ఈగ కూర్చుని పోయిన మచ్చల మాదిరి. పైన సన్నటి గళ్లు గీసి ఉంటాయి. ఒక్కో గడిలో ఒక్కో మచ్చను మైక్రోస్కోపులో మనిషే కన్ను పెట్టి చూసి, కొలిచి, పుస్తకంలో రాయాలి. లక్షల మచ్చలు అట్లా రాసినారు. ఆ పలకలను ఎవరూ అందం కోసం తీయలేదు. పలక పోగేసింది, కన్ను చదివింది. ఈ పనిలో కూడా ఒకదాని మీద ఒకటి ఆధారపడినాయి.

ఈ వేధశాలలో పని చేసిన బప్పు అనే ఆయన కొడుకే వేణు బప్పు. ఆయన పెరిగింది, నిజాం కాలేజీలో చదివింది హైదరాబాదులో. పై చదువుకు అమెరికాలో హార్వర్డుకు పోయినాడు. 1949 జులైలో అక్కడ ఒక రాత్రి తీసిన పలకను కడిగి చూస్తే, చుక్కల మధ్యన అక్కడ ఉండకూడని ఒక మసక కనిపించింది. అది కొత్త తోకచుక్క. దానికి బప్పు, బాక్, న్యూకర్క్ అని ముగ్గురి పేర్లూ పెట్టినారు. ఆకాశం వైపు చూసి కనిపెట్టినది కాదు అది, గాజు వైపు చూసి కనిపెట్టినది. ఆ బప్పే తరువాత కావలూరు వేధశాల కట్టించినాడు, బెంగళూరులో భారత ఖగోళ భౌతిక సంస్థను నిలబెట్టినాడు. 1986లో కావలూరు పెద్ద టెలిస్కోపుకు ఆయన పేరు పెట్టినారు.

ఒకే తోకచుక్క, రెండు సార్లు

హేలీ తోకచుక్క కథ ఈ పోలికకు సరిగ్గా సరిపోతుంది. 1910లో అది వచ్చినప్పుడు కంటికే పెద్దగా కనిపించింది. ఆ మేలో భూమి దాని తోకలో నుంచి పోతుందని లోకమంతా భయపడినారు. గురజాడ అప్పారావు గారు అదే సంవత్సరం ముత్యాల సరాలులో ఆ తోకచుక్క ప్రస్తావన తెచ్చి, దాన్ని అపశకునంగా చూడకూడదు అనే వైపు నిలబడినారు. అంతకు ముందు జనవరిలోనే ఇంకొక తోకచుక్క వచ్చింది, అది పగలు కూడా కనిపించేంత వెలుతురుది. కాబట్టి మీ ఇంట్లో "మా ముత్తాత హేలీ చూసినాడంట" అనే కథ ఉంటే, అది చలికాలంలో చూసిందా, ఎండాకాలంలో చూసిందా అని ఒక మాట అడగండి. చలికాలం అంటే అది హేలీ కాదు.

76 ఏండ్లకు 1986లో అదే హేలీ మళ్లీ వచ్చింది. ఈసారి భూమికి, దానికి ఉన్న కోణం బాగలేదు, ఊళ్లలో లైట్లు కూడా వచ్చినాయి. కంటికి అంతంత మాత్రమే కనిపించింది. అయితే మార్చిలో జొట్టో అనే వ్యోమనౌక దాని పక్కన సుమారు 600 కిలోమీటర్ల దూరం దాకా పోయి దాని గుండెకాయనే ఫోటో తీసింది. బొగ్గు మాదిరి నల్లటి రాయి, దాంట్లో నుంచి ఎగజిమ్మే ఆవిరి. 1910లో మన ముత్తాతలు తోక చూసినారు, రాయి చూడలేదు. 1986లో మన నాయనలు పేపర్లో రాయి చూసినారు, తోక సరిగ్గా చూడలేదు. ఏ తరం ఎక్కువ చూసింది అంటే నేనైతే తీర్పు చెప్పలేను. మళ్లీ 2061లో వస్తుంది, ఇప్పటి మన పిల్లలు చెప్తారు.

మన జిల్లాలో తీసిన బొమ్మ

గౌరిబిదనూరు దగ్గర 1976లో రామన్ పరిశోధన సంస్థ, భారత ఖగోళ భౌతిక సంస్థ కలిసి ఒక టెలిస్కోపు పెట్టినారు. దానికి అద్దం లేదు, గొట్టం లేదు. పొలంలో నాటినట్లు వెయ్యి ఏంటెనాలు ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో, తూర్పు పడమరగా 1.4 కిలోమీటర్లు. అది పట్టేది వెలుతురును కాదు, ఆకాశం నుంచి వచ్చే రేడియో అలలను. ఒక్కో అల పొడుగు సుమారు 8.7 మీటర్లు. దాంతో ఆకాశంలో శానా భాగానికి పటం గీసి 1990లో ప్రకటించినారు.

ఆ పటంలో పిల్లలకోడి లేదు, ముసలమ్మ మంచం లేదు. పాలపుంత మాత్రం వెడల్పుగా వెలిగిపోతా ఉంటుంది. ఎప్పుడో పేలిపోయిన నక్షత్రాల శకలాలు, కంటికి అసలు కనిపించనివి, అందులో దీపాల మాదిరి ఉంటాయి. ఇంకొక వింత చెప్తాను. 1.4 కిలోమీటర్ల ఆ టెలిస్కోపు విడదీసి చూడగలిగిన అతి చిన్న మచ్చ సుమారు నిండు చంద్రుడంత. మన కన్ను ఆ చంద్రుడి మీద ఇరవై ముప్పై భాగాలు విడదీసి చూడగలదు. అంటే నునుపు విషయంలో మీ జేజి కన్నే మేలు, అందని వెలుతురు విషయంలో గౌరిబిదనూరు మేలు.

ఇప్పుడు మన పిల్లల రెండో ప్రశ్నకు వద్దాము. గౌరిబిదనూరు పటానికి రంగు వేస్తే ఆ రంగు ఎవరో ఒకరు ఎంచుకున్నదే, రేడియో అలకు రంగు ఎక్కడిది? జేమ్స్ వెబ్ బొమ్మలు కూడా అట్లాంటివే. 2022 జులై నుంచి మనం చూస్తున్న ఆ బొమ్మలు కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో తీసినవి. పొడుగు అలలకు ఎరుపు, పొట్టి అలలకు నీలం అని వరస తప్పకుండా రంగు ఇస్తారు. 1995 నాటి హబుల్ బొమ్మ, ఆ ప్రసిద్ధి చెందిన మూడు స్తంభాలది, అందులో గంధకం వెలుతురుకు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చినారు. నిజానికి మొదటి రెండూ ఎరుపే. రెండు ఎరుపులు కలిసిపోతే ఏది ఎక్కడ ఉందో తెలియదు కాబట్టి విడదీసి చూపించినారు. కన్నడ రాజ్యోత్సవానికి బళ్లో గీసే నక్షలో ఒక్కో జిల్లాకు ఒక్కో రంగు వేస్తారు. మన జిల్లా మట్టి నిజంగా ఆ రంగు కాదు, అయినా నక్ష అబద్ధం కాదు. ఈ ఫోటోలు కూడా అట్లాగే చదవాలి. ఎంతసేపు తీసినారు, ఏ వెలుతురు, ఏ రంగు దేనికి ఇచ్చినారు అనే మూడు సంగతులు ఫోటో కింద ఉంటే అది నమ్మదగిన ఫోటో. అవి లేకుండా ఫార్వర్డ్ అయి వచ్చేది ఉట్టి బొమ్మ.

కన్నుకే ఉండేది

ఫోటోకు చేతకానివి ఇప్పటికీ ఉన్నాయి. విదియ, తదియ నాటి నెలవంకను చూడండి. వెలిగే వంక, లోపల మసకగా కనిపించే మిగతా చంద్రుడు, రెండూ కంటికి ఒకేసారి అందుతాయి. మామూలు ఫోన్లో వంక బాగా వస్తే లోపలిది నలుపు, లోపలిది వస్తే వంక తెల్లటి మచ్చ. సంపూర్ణ గ్రహణంలో సూర్యుడి కిరీటం కూడా అట్లాంటిదే. లోపల తేజుగా, బయట శానా పలచగా ఉండేదాన్ని కన్ను ఒక్క చూపులో పడుతుంది. ఫోటోలో అదే చూపించాలంటే వేరే వేరే సేపులకు తీసినవి ఎన్నో కలిపి అతకాలి. 1980 ఫిబ్రవరి 16న హైదరాబాదు దగ్గర జపాల్ రంగాపూర్ వేధశాల మీదుగా సంపూర్ణ గ్రహణం పోయినప్పుడు శాస్త్రవేత్తలు అక్కడ చేరినారు. మన వైపు అది పూర్తి గ్రహణం కాదు, చాలా భాగం మాత్రమే. మన ఇండ్లలో ఆ రోజు తలుపులు వేసుకొని కూర్చున్నారు. పూర్తిగా కప్పుకోని సూర్యుడిని ఉత్త కంటితో చూడకూడదు అనేది నిజమే, దానికి తగిన ఫిల్టరు కావాలి. చంద్రగ్రహణానికి ఆ భయం ఏమీ లేదు. 2025 సెప్టెంబరు 7 రాత్రి 11 గంటల నుంచి 12 గంటల 22 నిమిషాల దాకా చంద్రుడు రాగి చెంబు రంగుకు తిరిగింది మబ్బు లేని చోట అందరికీ ఉత్త కంటికే కనిపించేది.

కంటికి కొంచెం టైం ఇవ్వాలి, అంతే. లైట్లు ఆర్పి, ఫోను లోపల పెట్టి, ఇరవై ముప్పై నిమిషాలు చీకట్లో ఉంటే చూపు తెరుచుకుంటుంది. మధ్యలో ఒక్కసారి ఫోను చూస్తే మళ్లీ మొదటికే వస్తుంది. కార్తీక మాసం అమావాస్య వైపు రాత్రుల్లో మిద్దె ఎక్కితే నడినెత్తికి దగ్గర ఒక చిన్న మసక మరక ఉంటుంది. నేరుగా కాకుండా కొంచెం పక్కకు చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. అది ఆండ్రోమెడా గెలాక్సీ. ఫోటోలో అది ఆరు నిండు చంద్రులను పక్కపక్కన పెట్టినంత వెడల్పు, సుడులు, చేతులు అన్నీ కనిపిస్తాయి. మనకు మాత్రం మరకే. అయితే ఆ మరకలోని వెలుతురు 25 లక్షల ఏండ్లు నడిచి వచ్చి మీ కంట్లోనే ఆగింది. ఫోటోలో మనం చూసేది ఫోను గాజు వెలుతురు.

నాకు దిగులు వేరే దాని గురించి. ఫోటోలు పోవు, రోజూ ఇంకా మంచివి వస్తాయి. హైదరాబాదు పలకల లెక్కలు అచ్చయి ఉన్నాయి. పోతున్నది మిద్దె మీది చీకటి. ఇప్పుడు మిట్టేమరి నుంచి చూసినా దక్షిణం దిక్కున బెంగళూరు వెలుతురు అంచు తెలుస్తుంది, వీధి లైట్లు ఊరంతా వచ్చినాయి, పాలపుంత పలచబడింది. దాంతోపాటే పేర్లు పోతున్నాయి. పిల్లలకోడి అని చెప్పే నోరు మన ఇండ్లలో ఇక ఒకటో రెండో తరాలు. ఏ టెలిస్కోపు ఫోటోలోనూ ఆ పేరు రాసి ఉండదు.

కాబట్టి ఈ పేజీ చదివే మన వాళ్లందరికీ ఒక పని. అనంతపురం, కదిరి వైపు ఉన్నవాళ్లు, బెంగళూరు, హోసూరు వాళ్లు, దేశం దాటి పోయినవాళ్లు అందరూ ఇంట్లో పెద్దోళ్లు ఉంటే ఈ వారమే అడగండి. గొల్లకావిడి అని మీ ఇంట్లో ఏ మూడు చుక్కలను చూపిస్తారు? ముసలమ్మ మంచం కథలో మీ వైపు దొంగలు ముగ్గురేనా? తెల్లారే టైం ఏ చుక్కతో చెప్పేవాళ్లు? వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే, పేరు, ఊరు వేసి రాసి పంపండి. వచ్చినవన్నీ ఒక పట్టిక చేసి ఇక్కడే పెడతాను. పిల్లలు ఫోన్లో ఆ పట్టిక చూసుకుంటా మిద్దె ఎక్కితే నాకు అభ్యంతరం లేదు. ఎక్కినాక మాత్రం ఫోను ఆర్పమని చెప్పండి.